బట్టీ పొగ ఎటు పోతుంది? తోటలో నిలబడి వేసుకునే లెక్క

ఈ వారం పాఠం రోగం మీద కాదు, పొగ మీద.

మూడేళ్ల కిందట ఫిబ్రవరి పంట. నాలుగో జ్వరం లేచినంక పురుగులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయిపోయినాయి. ఆకు వేస్తే సగం అట్లే మిగిలిపోతా ఉంది. కొన్నిటికి కణుపుల దగ్గర నల్లటి ఉంగరం మాదిరి గీతలు. పాలరోగమేమో అనుకొని సున్నం, పౌడరు అన్నీ చల్లినాను, ఏమీ మారలేదు. గూళ్లు సగం కూడా రాలేదు, చంద్రికలు బోసిగా ఉండిపోయినాయి. తోటకు ఈశాన్యంలో అర కిలోమీటరు దూరాన ఒక ఇటికిల బట్టీ ఉంది. ఆ పక్క ఆకు అంచులు కాలినట్లు ఎర్రగా ఉండడం పంట పోయినంకనే చూసినాను.

మట్టిలో ఫ్లోరిన్ ఉంటుంది. ఇటికిలు కాలేటప్పుడు అది గాలిలోకి వస్తుంది. ఆకు దాన్ని కింది రంధ్రాల గుండా పీల్చుకుంటుంది, నీళ్లతో పాటు అది అంచులకు చేరి నిలిచిపోతుంది. ఆకు ముదిరేకొద్దీ నిలవ పెరుగుతుంది. చైనాలో హాంగ్‌జౌ చుట్టుపక్కల 1980ల్లో బట్టీల పొగకు పెద్ద ఎత్తున పంటలు పోయినాయి. కిలో ఎండు ఆకులో 30 మిల్లీగ్రాములు దాటితే పురుగుకు కష్టమని అక్కడివాళ్లు లెక్క కట్టినారు. పురుగు జన్మలో తినే ఆకులో నూటికి 80 పాళ్ల పైన ఐదో దశలోనే తింటుంది కదా, అందుకే చాకీలో బాగున్న పంట చివర్లో కూలబడుతుంది.

పొగ ఎంత తగులుతుందో చెప్పే లెక్కను ఇంజనీర్లు మోడల్ అంటారు. పెద్ద ఫ్యాక్టరీకి కంప్యూటర్లో వేస్తారు గానీ, దాని మూలం మనకూ అర్థమవుతుంది. పొగ రెట్టింపు వస్తే తోటలో విషం రెట్టింపు. గాలి వేగం రెట్టింపైతే విషం సుమారు సగం, ఎందుకంటే అదే పొగ ఎక్కువ గాలిలో కలుస్తుంది. పొగగొట్టం ఎత్తు రెట్టింపైతే నేల మీద పడే అతి ఎక్కువ మోతాదు దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. కానీ పొగ మాయమైపోలేదు, ఇంకా దూరంగా పోయి పడుతుంది, అంతే. గొట్టం కిందనే ఎక్కువ పొగ ఉంటుందని నేనూ అనుకున్నాను. కాదు, కొంత దూరం పోయినంకనే నేలకు తగులుతుంది. బట్టీ గోడ పక్కన చెట్టు పచ్చగా ఉంది కదా అని ఓనరు చూపిస్తే మోసపోవద్దు.

అన్నిటికన్నా పెద్దది గాలి దిక్కు. 2022లో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త బట్టీలు ఊళ్లకు, పళ్లతోటలకు 0.8 కిలోమీటరు దూరం ఉండాలని చెప్పింది. మంచిదే. కానీ పొగ గుండ్రంగా పోదు, తోక మాదిరి ఒక దిక్కుకు సాగుతుంది. కోలారు, హోసూరు పక్క బట్టీలు కాలేది వానలు పోయినంక. చలికాలం గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి బట్టీకి పడమర, నైరుతిలో ఉన్న తోటకే దెబ్బ. పడమటి గాలి తోలే వానాకాలంలో చాలా బట్టీలు ఆగి ఉంటాయి, తూర్పు పక్కోళ్లు బతికిపోతారు.

ఇంకొకటి, చలికాలం తెల్లవారుజామున నేల చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి కుండకు మూత పెట్టినట్లవుతుంది. పొగ పైకి పోలేదు. ఎండ ఎక్కేటప్పుడు ఆగిన పొగంతా ఒక్కసారిగా కిందికి కలుస్తుంది. ఆ వేళకు ఆకు రంధ్రాలు తెరిచే ఉంటాయి.

చేయాల్సింది ఇది. తోటలో ఎత్తైన గడకు గుడ్డపేలిక కట్టండి. పదిహేను రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అది ఎటు ఎగురుతుందో నోటుబుక్కులో రాయండి. బట్టీ నుంచి తోట వైపు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. తర్వాత నాలుగో జ్వరం లేచినంక రెండు తట్టలు వేరు చేసి, ఒకదానికి బట్టీ పక్క ఆకు, ఒకదానికి దూరపు ఆకు వేసి చూడండి. మరుసటి ఏడు నేను ఇట్లే చేసినాను. దూరపు ఆకు తిన్నవి సమంగా పెరిగినాయి, బట్టీ పక్క ఆకు తిన్నవి మళ్లీ హెచ్చుతగ్గులే. ఇప్పుడు బట్టీ కాలే నెలల్లో ఆ పక్క కొమ్మలు ముదరకముందే కోసేస్తాను, ఐదో దశకు దూరపు మడి నుంచే తెస్తాను. వాన పడిన తర్వాతి ఆకు కొంచెం నయం.

మనుషుల లెక్కా ఇదే. గాలిలో ఎంత ఉంది, అక్కడ ఎన్ని గంటలు ఉన్నారు, ఈ రెండూ గుణించాలి. నేను తోటలో మూడు గంటలుంటాను. బట్టీ పక్క గుడిసెల్లో కూలోళ్ల పిల్లలు ఇరవై నాలుగు గంటలు ఉంటారు. పంట పోయిందని నేను ఓనరుతో గొడవ పడినప్పుడు ఆ పిల్లల మాట ఎత్తలేదు, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎవరికైనా ఆకు అంచులు ఎర్రబడితే, బట్టీ ఏ దిక్కున ఉందో రాసి ఫోటోతో గ్రూపులో పెట్టండి. ఆకు పరీక్షకు పంపాలంటే ముదురు ఆకు, లేత ఆకు వేరువేరు కాగితం సంచుల్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో పెడితే కుళ్లిపోతుంది.