పెద్దఅడిశర్లపల్లి పట్టాలి

సీఎస్ఎస్ నేర్చుకుంటున్నారా? కాసేపు వీడియో ఆపండి. ట్యుటోరియల్‌లోని కాఫీ షాపు పేజీని అచ్చుగుద్దినట్టు దించినా మీకు వచ్చేది కొంతే. అందులో ఉన్నవన్నీ పొట్టి ఇంగ్లిష్ మాటలు, ఎక్కడ పెడితే అక్కడ ఒదుగుతాయి.

మీది పెద్దవూర అనుకుందాం. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లకు పనికొచ్చే పేజీ మొదలుపెట్టండి. పైన ఊళ్ల పేర్లతో బటన్లు: హాలియా, సాగర్, మిర్యాలగూడ, పెద్దఅడిశర్లపల్లి. మొదటి రెండూ బుద్ధిగా కూర్చుంటాయి. నాలుగోది బటన్ గోడ దూకేస్తుంది. చదువు మొదలయ్యేది అక్కడే.

వెంటనే ఎక్కడినుంచో కోడ్ తెచ్చి అతికించకండి. రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. ఒక్కో లైను పక్కనున్న టిక్కు తీసి చూడండి. తీసే ముందు ఏం జరగబోతోందో పైకి చెప్పండి. మీరు చెప్పిందొకటి, జరిగిందొకటి అయితే నోట్‌బుక్‌లో రాసుకోండి. వంద ప్రాపర్టీలు బట్టీపట్టడం కన్నా ఈ అలవాటే మిమ్మల్ని ముందుకు నడుపుతుంది. వెతికితే కారణం దొరుకుతుంది: బటన్ వెడల్పు 80 పిక్సెళ్లని బిగించింది మీరే. దాన్ని తీసేసి ప్యాడింగ్ ఇవ్వండి, వరుసకు ఫ్లెక్స్-ర్యాప్ పెట్టండి. పట్టని బటన్ కింది వరుసలోకి దిగుతుంది.

ఎత్తూ బిగించారా? ద్ద, ర్ల, ల్ల వత్తులు తెగిపోవచ్చు. లైన్-హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి సర్దండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న ఉచితంగా దొరుకుతాయి, మార్చి మార్చి చూడండి. ఇంగ్లిష్ పేజీలే చేసేవాళ్లకు ఈ పరీక్ష ఎదురే కాదు. మీకు రోజూ ఎదురవుతుంది, అది మీ అదృష్టం.

పాత వీడియోలతో జాగ్రత్త. పేజీని గడులుగా అమర్చే గ్రిడ్ 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలకు వచ్చింది. అంతకుముందు ఫ్లోట్లతో పేజీ నిలబెట్టిన విద్యను ఇప్పుడు నిశ్చింతగా వదిలేయండి.

సీఎస్ఎస్ పుట్టుకలోనూ మీకో పాఠం ఉంది. 1994 అక్టోబరులో సెర్న్ పరిశోధనశాలలో ఉండగా హోకన్ వియుమ్ లీ అనే నార్వేజియన్ స్టైల్ షీట్ల ప్రతిపాదన రాశాడు. పేజీ రూపం విషయంలో తయారుచేసేవాడి మాటతోపాటు చదివేవాడి మాటా చెల్లాలన్నది అందులోనే ఉంది. 1996 డిసెంబరులో సీఎస్ఎస్ ప్రమాణమైంది. కళ్లు సరిగ్గా ఆనని పెద్దాయన బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నాడంటే, మీ పేజీ ఆయన మాట వినాలి. అందుకే ఫాంటు సైజు పిక్సెళ్లలో కాకుండా, ఆ మార్పుతోపాటు పెరిగే రెమ్‌లలో ఇవ్వండి.

తయారయ్యాక లాప్‌టాప్ మూసి, మామూలు ఫోన్‌లో పేజీ తెరిచి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఎక్కడ నొక్కాలో చెప్పకండి, వేలు ఎక్కడ తడబడుతుందో చూడండి. అది సరిచేశాక తిరుమలగిరి సాగర్ బటన్ చేర్చండి. రెండు మాటల పేరు కదా, అది విరిగే తీరు వేరు.