హైస్కూలు నుంచే ఇంజినీరింగ్ అభ్యాసం: పోటీలు చూపే దారి

ఇంజినీరింగ్ అంటే ఇంటర్ పూర్తయ్యాక ప్రవేశ పరీక్ష రాసి చేరే కోర్సు అన్న అభిప్రాయం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బలంగా ఉంది. అయితే చుట్టూ ఉన్న ఒక ఇబ్బందిని గుర్తించి, దానికి లెక్కతో, కొలతలతో, దొరికే సామగ్రితో పరిష్కారం తయారుచేయడమే ఆ వృత్తి సారం కాబట్టి, దాని అభ్యాసం ఉన్నత పాఠశాలలోనే మొదలుకావాలి. అందుకు తగిన వేదికలు ప్రభుత్వ బడి విద్యార్థికీ అందుబాటులో ఉన్నాయి.

ప్రధాన వేదికలు

వీటిలో ముఖ్యమైనది కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో కలిసి నిర్వహించే ఇన్‌స్పైర్ అవార్డ్స్ మనక్. 6 నుంచి 12 తరగతుల విద్యార్థుల కోసం నడుస్తున్న ఈ పథకంలో పాఠశాల తన విద్యార్థుల ఉత్తమ ఆలోచనలను ఆన్‌లైన్‌లో పంపుతుంది; ఎంపికైన విద్యార్థికి నమూనా, అంటే ఆలోచన పనిచేస్తుందో లేదో పరీక్షించేందుకు చేసే తొలి రూపం, తయారీకి రూ.10,000 అందుతుంది, అక్కడి నుంచి పోటీ జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయులకు సాగుతుంది. రోబో పోటీలకు ఖరీదైన పరికరాలు అవసరమవుతాయి గానీ, ఇక్కడ మొదట తూచేది ఆలోచనలోని కొత్తదనాన్నే. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడుల్లో ఏర్పాటుచేసిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు వంటి వాటితో చేతిపనికి అవకాశమిస్తాయి.

సమస్య ఎంపికే కీలకం

వేములవాడ ప్రాంతంలోని హన్మాజీపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకరు ధాన్యాన్ని తక్కువ మందితో బస్తాల్లో నింపే యంత్రాన్ని రూపొందించి, 2019లో ఇన్‌స్పైర్ జాతీయ స్థాయి బహుమతి పొందడం సమస్య ఎంపికే కీలకమనడానికి ఈ ప్రాంతంలోని గట్టి నిదర్శనం. వరి కోతల కాలంలో ప్రతి రైతు కుటుంబం పడే శ్రమే ఆ ఆలోచనకు మూలం. ఆదిలాబాద్ పత్తి చేలల్లో వంగి ఏరే కూలీల నడుంనొప్పి, సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు, గోదావరిఖనిలో ఇళ్లను కమ్మే బొగ్గు ధూళి కూడా అలాంటి సమస్యలే. అంగట్లో కొన్న మోడల్‌ను ప్రదర్శించడం కంటే, పాత పద్ధతిలో పట్టే సమయాన్ని, ఖర్చును, శ్రమను కొలిచి, నమూనాతో వచ్చిన తేడాను, విఫలమైన ప్రయత్నాలతో సహా, నోటు పుస్తకంలో తేదీలవారీగా రాసుకోవడమే విద్యార్థికి అసలైన శిక్షణ.

పదో తరగతి తర్వాత

పోటీలో వచ్చిన బహుమతి ఇంజినీరింగ్ సీటుకు హామీ కాదు. ప్రవేశాలకు వాటి నిబంధనలు వాటికున్నాయి. బాసరలోని ఆర్జీయూకేటీ పదో తరగతి ప్రతిభ ఆధారంగా, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిసిన ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ దారుల్లో ఏది తనకు సరిపోతుందో, యంత్రాల పని నచ్చుతుందో, విద్యుత్ పరికరాల పని నచ్చుతుందో, ఒక నమూనాను స్వయంగా తయారుచేసిన విద్యార్థి అనుభవంతో తేల్చుకోగలడు. కాబట్టి తొమ్మిదో తరగతిలోపే ఒక్క ప్రాజెక్టయినా పూర్తిచేయించే బాధ్యతను తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి తీసుకోవాలి.