ఆగని బండి

తెల్లవారుటకు ముందు, ఆకాశమింకను నల్లగా నున్నప్పుడే, పెద్ద రహదారులపై సైకిళ్ల రాకపోకలు మొదలగును. హ్యాండిలుకు రెండు ప్రక్కల క్యానులు తగిలించుకొని పాలవాడు పట్నమునకు బయలుదేరును. రాత్రి షిఫ్టు ముగించుకొని కార్మికుడు ఇల్లు చేరును. వార్తాపత్రికల కట్టతో కుఱ్ఱవాడొకడు, కూరగాయల గంపతో రైతొకడు దారి యంచున త్రొక్కుకొనుచు పోవుచుందురు. కారులో నున్నవాని చుట్టును ఉక్కు తొడుగు కలదు. బస్సులో నున్నవానికి బస్సే రక్ష. సైకిలుపై నున్నవానికి ఒంటిమీది చొక్కా తప్ప వేఱు కవచము లేదు. ఒకప్పుడు పట్టణములలో దీపము లేని సైకిలును పోలీసువారు నిలిపి జరిమానా విధించుచుండిరి. ఆ పట్టింపు నేడు చాలవఱకు సడలిపోయినది. వెనుక ఎఱ్ఱని బిళ్లయైన లేని సైకిలు చీకటిలో మిక్కిలి దగ్గఱకు వచ్చువఱకు మోటారు తోలువానికి కనబడదు.

అట్టి వేళ వెనుకనుండి వచ్చిన కారో, లారీయో సైకిలును తాకినదనుకొందము. సైకిలువాడు ఎగిరి రోడ్డు ప్రక్కన పడును. చుట్టుప్రక్కల ఎవరును లేరు. బండి తోలువాడు నిలుపవలెనా, పోవలెనా? ఆ రెండు మూడు క్షణములలో వాడు చేయు నిర్ణయమును బట్టి ఒక్కొకప్పుడు ఒక ప్రాణము నిలుచుటయో, పోవుటయో జరుగును. చట్టము దృష్టిలో వాడు ఎట్టివాడగునో కూడ చాలవఱకు అప్పుడే తేలును.

చట్టము అట్టివానిని రెండు ప్రశ్నలడుగును. బండి ఎట్లు తోలితివి అనునది మొదటిది. తాకిన పిమ్మట ఏమి చేసితివి అనునది రెండవది. ఈ రెండును వేఱువేఱు ప్రశ్నలని గ్రహింపనివారు పెద్దలలో కూడ పెక్కుమంది కలరు.

మొదటి ప్రశ్న చాల పాతది. 1860లో భారత శిక్షాస్మృతి వెలువడినప్పుడు, అజాగ్రత్తవలన కలుగు మరణమును గూర్చిన సెక్షను అందులో లేదు. 1870లో 304-ఎ అను సెక్షనును చేర్చిరి. చంపవలెనను తలంపు లేకయే, దుడుకుతనముచేత గాని, నిర్లక్ష్యముచేత గాని ఒకని మరణమునకు కారకుడైన వానికి రెండేండ్లకు మించని ఖైదునో, జరిమానానో, లేక రెండింటినో విధింపవచ్చునని దాని సారాంశము. నాటికి మోటారు పుట్టలేదు. నేడు మనమెఱిగిన సైకిలును పుట్టలేదు. గొలుసుతో వెనుక చక్రము త్రిప్పు ‘రోవర్’ సైకిలును జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున 1885లో తయారుచేసెను. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారుబండికి పేటెంటు కోరినది 1886లో. ఇంచుమించు కవలపిల్లలవలె పుట్టిన ఈ రెండు వాహనములును నూఱేండ్లకు పైగా మన దారులలో ఒకదాని నొకటి ఒరసికొని తిరిగినను, వాని మధ్య జరిగిన మరణములకు శిక్షను నిర్ణయించినది మాత్రము గుఱ్ఱపుబండ్ల నాటి రెండేండ్ల సెక్షనే. 2023లో పార్లమెంటు ఆమోదించిన భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను. దాని 106వ సెక్షనులోని మొదటి భాగము ఈ గరిష్ఠ శిక్షను అయిదేండ్లకు పెంచినది.

మరణము సంభవించినంత మాత్రమున నేరము సిద్ధింపదు. తగిన వేగముతో, తన ప్రక్కనే, మెలకువతో బండి నడుపుచున్నవానికి అడ్డముగా సైకిలువాడు హఠాత్తుగా తిరిగి ప్రాణము పోగొట్టుకొన్నచో, అందు దుడుకుతనము లేదు, నిర్లక్ష్యమును లేదు. మొదటి ప్రశ్నకు అతడు నిర్భయముగా సమాధానము చెప్పుకొనగలడు. అయినను అతడు బండి నాపక వెడలిపోయెనేని, రెండవ ప్రశ్నయందు దోషి యగును. ఏ తప్పును చేయనివాడు సయితము పాఱిపోవుటచేత నేరస్థుడగుట ఇందలి విశేషము.

ఈ రెండవ ప్రశ్నకు ఆధారము 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 134వ సెక్షను. ప్రమాదము జరిగినప్పుడు గాయపడినవానికి వైద్యసహాయము లభించునట్లు బండి తోలువాడు చేతనైనంత యత్నము చేయవలెను. అవసరమైనచో దగ్గఱలోని వైద్యునియొద్దకో, ఆసుపత్రికో చేర్చవలెను. పోలీసువారు అచ్చట లేనిచో సాధ్యమైనంత త్వరగా, ఎట్లైనను ఇరువదినాలుగు గంటలలోపల, సమీపమునందలి స్టేషనుకు పోయి జరిగినది తెలుపవలెను. తెచ్చిన రోగిని కాగితముల తంతు ముగియువఱకు బయట నుంచక వెంటనే చూడవలసిన బాధ్యతను అదే సెక్షను వైద్యులపైనను ఉంచినది. దారినపోవువాడు జాలిపడి గాయపడినవానిని చేర్చినచో అతనిని చిక్కులపాలు చేయరాదని సుప్రీంకోర్టు 2016లో ఆజ్ఞాపించెను. 2019లో అది చట్టములోనికే ఎక్కినది.

ఇంతటి తొందర ఎందుకనగా, సైకిలుమీదినుండి పడినవాడు తాకిడికే చనిపోవుననుట తప్పు. తలకు దెబ్బతగిలి స్పృహ తప్పినవానికి నాలుక వెనుకకు జాఱియో, నోట రక్తము నిండియో ఊపిరి ఆడకపోవచ్చును. తొడయెముక విఱిగినచో రక్తము లోలోపలనే స్రవించి నాడి క్షీణించును. వీటిలో పెక్కు గాయములు వేళకు చేయి అందినచో ప్రాణము తీయవు. గాయము తగిలిన తొలి గంటకు చట్టమే ‘గోల్డెన్ అవర్’ అని పేరు పెట్టినది. పాఱిపోయినవాడు దొంగిలించునది ఆ గంటనే. తెల్లవాఱిన పిమ్మట దారినబోవు వారెవరో చూచునప్పటికి ఆ గంట ఎప్పుడో గడచిపోయి యుండును.

పాఱిపోవుటకు కారణములు అందఱికి నొకటి కావు. జనులు మూగి కొట్టుదురను భయము మొదటిది. అది వట్టి సాకు కాదు. ప్రమాదము జరిగిన చోట తప్పెవరిదని విచారింపక డ్రైవరును చావగొట్టుటయు, లారీకి నిప్పుపెట్టుటయు మన దేశమున కొత్త గావు. చట్టము ఈ భయమును ఎఱుగును. జనాగ్రహము మూలమున గాయపడినవానికి సాయము చేయుట సాధ్యము కాని పరిస్థితిని 134వ సెక్షను స్పష్టముగా మినహాయించినది. అట్టివాడు తిన్నగా స్టేషనుకు పోయి చెప్పినచో చాలును.

రెండవ కారణము ఇంత మన్నింపదగినది కాదు. నూఱు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించినవాడు బండి నడుపుట నేరము. అయితే రక్తములోని మద్యము గంటగంటకు తఱిగిపోవును. త్రాగి తోలినవాడు ప్రమాదస్థలముననే చిక్కినచో, తెలిసి తెలిసి ప్రాణాపాయము కలిగించెనని నేరారోపణకు గురియై పదేండ్ల ఖైదుకు కూడ పాత్రుడు కావచ్చును. వాడే పాఱిపోయి మఱునాడు మత్తు దిగిన పిమ్మట పట్టుబడినచో, త్రాగియుండెనని రుజువు చేయుట కష్టము. 134వ సెక్షనును మీఱినందుకు శిక్షయో, 2019లో పెంచిన తరువాత కూడ మొదటిసారి ఆఱు నెలల ఖైదు, అయిదువేల రూపాయల జరిమానా దాటదు. అనగా, నీతి మాట యెట్లున్నను, లెక్క చూచుకొన్నచో త్రాగుబోతునకు పాఱిపోవుటయే లాభము. మంచివానికంటె పాఱిపోయినవానికి మేలు చేయు చట్టము ఎక్కడనో సరిగా లేదన్నమాట.

ఆ లోటును పూడ్చుటకే న్యాయ సంహితలోని 106వ సెక్షనుకు రెండవ భాగమును చేర్చిరి. దుడుకుగానో, నిర్లక్ష్యముగానో బండి తోలి ఒకని మరణమునకు కారకుడై, వెంటనే పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని తెలుపక పాఱిపోయినవానికి పదేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చునని అందు వ్రాసిరి. 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీ డ్రైవర్లు దీనిని ప్రతిఘటించుచు బండ్లు నిలిపివేసిరి. నిలిచినచో జనులు చంపుదురు, పోయినచో ప్రభుత్వము పదేండ్లు బంధించును, తామేమి చేయవలెనని వారి మొఱ. హైదరాబాదులో పెట్రోలు దొరకదను భయముతో బంకులవద్ద బారులు తీఱిన జనమును చూచి, ఇండ్లకు భోజనములు చేరవేయు యువకుడొకడు గుఱ్ఱమెక్కి బయలుదేఱెను. ఆ సెక్షనును అమలుపఱచుటకు ముందు రవాణాదారుల సంఘముతో సంప్రదింతుమని కేంద్రప్రభుత్వము మాట యిచ్చెను. న్యాయ సంహిత జూలైలో అమలులోనికి వచ్చినప్పుడు ఈ రెండవ భాగమును మాత్రము ప్రక్కన నుంచిరి. ఆ సెక్షను కోరినది ప్రమాదస్థలమున నిలిచి దెబ్బలు తినుమని కాదు, పోలీసులకు తెలుపుమని మాత్రమే. ఈ భేదము డ్రైవర్లకు విప్పి చెప్పినవారు లేకపోవుటచేత అలజడి అంత పెద్దదైనదేమో!

పాఱిపోయిన బండి దొరకదనుకొనుట కూడ పొరపాటే. 1999 జనవరి 10వ తేదీ తెల్లవారుజామున ఢిల్లీలోని లోధీ రోడ్డుపై మిక్కిలి వేగముగా వచ్చిన ఒక విదేశపు కారు నిలిచియున్న మనుష్యులను ఢీకొనెను. ఆఱుగురు మరణించిరి. వారిలో ముగ్గురు పోలీసువారు. వారు పాదచారులే గాని సైకిలువారు కారు. ఐనను ఆ కేసు నెఱిగినవారికి ఇట్టి నేరముల విచారణ యెట్లు నడచునో తెలియును. కారు నిలువలేదు. దెబ్బతిన్న కారునుండి కాఱిన నూనె చుక్కలు రోడ్డుమీద జాడగా మిగిలినవి. వాని వెంటబడి పోయిన పోలీసులకు ఒక యింటి ఆవరణమున ఆ కారును కడుగుచుండగా దొరికినది. కేసు పదమూడేండ్లు నడచెను. అది వట్టి నిర్లక్ష్యము కాదని, మరణము సంభవింపగలదని ఎఱిగి చేసిన పనియని 2012లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. తోలినవాడు అప్పటికి అనుభవించిన ఖైదు చాలునని చెప్పి, రెండేండ్లు సమాజసేవ చేయవలెననియు, ఏబదిలక్షల రూపాయలు చెల్లింపవలెననియు ఆజ్ఞాపించెను. బండి జాడ తెలియని ప్రమాదములకు లోనైన వారికై ఆ ధనము వినియోగింపవలెనని కోర్టు చెప్పెను. ఆఱు ప్రాణములకు ఈ శిక్ష చాలునా అని నాడే పెక్కుమంది అడిగిరి.

సైకిలును తాకిన బండిని పట్టుకొనుటకు సైకిలే తొలి సాక్షి. వెనుక మడ్‌గార్డు ఏ ఎత్తున నొక్కుకుపోయినదో చూచినచో తాకినది కారో, లారీయో ఊహింపవచ్చును. ఫ్రేముకంటిన రంగు పొడిని ఫోరెన్సిక్ ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. బండి రంగు ఒక పూత కాదు, అడుగు పూత, నడిమి పూత, పై పూత అని పొరలు పొరలుగా నుండును. మరమ్మతు చేసి మఱల రంగు వేసిన బండికి పొరలు మఱికొన్ని యుండును. ఆ వరుస సరిపోయినచో అనుమానించిన బండి తప్పించుకొనుట కష్టము. రోడ్డుపై దొరికిన హెడ్‌లైటు ముక్కను బండికి మిగిలిన ముక్కతో చేర్చి చూతురు. పగిలిన అంచులు కుండపెంకులవలె ఒకదానితో నొకటి అతుకును. నేడు వీనికి తోడు టోలుగేట్లవద్ద కెమెరాలు వచ్చినవి.

ఇంతచేసినను దొరకని బండ్లు లెక్కకు మిక్కిలిగా నున్నవి. 2022వ సంవత్సరమున దేశమందలి రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 30,486 మంది ఆగక పోయిన బండ్ల మూలమున మరణించిరి. ఏ బండియో తెలియనప్పుడు మృతుని కుటుంబము ఎవరిపై దావా వేయగలదు? అట్టివారికై మోటారు వాహనముల చట్టములోని 161వ సెక్షను కొంత పరిహారము నేర్పఱచినది. చిరకాలము అది 25,000 రూపాయలే. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి రెండు లక్షలైనది. తీవ్రముగా గాయపడినవారికి 50,000 రూపాయలు. రెవిన్యూ శాఖ అధికారికి దరఖాస్తు పెట్టుకొన్నచో, విచారణ పిమ్మట జిల్లా కలెక్టరు మంజూరు చేయును. ఇట్టి సదుపాయమున్నదని తెలియక దరఖాస్తు పెట్టనివారే ఎక్కువ. కావున నెలలోపల బండి ఆచూకీ తెలియనిచో ఈ పరిహారమును గూర్చి బాధితులకు వ్రాతమూలకముగా తెలుపవలెనని సుప్రీంకోర్టు 2024 జనవరిలో పోలీసులను ఆదేశించెను.

తరువాత ఎన్నడైనను బండి దొరికి, ట్రిబ్యునలు అంతకంటె పెద్ద మొత్తమును నిర్ణయించినచో, ముందు పుచ్చుకొన్న రెండు లక్షలను అందులోనుండి మినహాయింతురు. కావున డబ్బు చేతికి వచ్చినంతటితో కేసు ముగియదు. వంగిన చక్రముతో ఆ సైకిలు స్టేషను ఆవరణమున నంబరు చీటీ కట్టబడి అట్లే యుండును.