సింఫనీ వాద్యబృందము – దాని జమాఖర్చులు, పరిపాలనము

పాశ్చాత్య దేశముల సింఫనీ ఆర్కెస్ట్రా మన కచేరీవంటిది కాదు. మన గాయకుని వెంట వయొలిన్, మృదంగము, తంబురా, మరికొన్నియెడల ఘటమో కంజీరయో యుండును. నలుగురైదుగురు వేదిక నెక్కిన కచేరీ సాగిపోవును. అచ్చటనో, ఎనుబది మొదలు నూరుమంది వరకు వాద్యకారులు ఒక్కచో గూర్చుండి, కాగితముపై వ్రాసియున్న స్వరముల ననుసరించి, కండక్టరు (బస్సు కండక్టరు కాదు సుమా!) చేతికోల సంజ్ఞకు లోబడి వాయింపవలెను. అందు సగమునకు మించి వయొలిన్ జాతి వాద్యములే. తక్కినవి వేణువు మొదలగు ఊదు వాద్యములు, ఇత్తడి బూరలు, నగారాలు. వీరందరికిని జీతములు, సెలవులు, ప్రయాణపు ఖర్చులు, అభ్యాసమునకు భవనము – ఇవన్నియు సమకూర్చువా రెవరు? బిడ్డలకు వయొలిన్ నేర్పించుచున్న తలిదండ్రులు, ఆ వాద్యము పుట్టిన దేశములయం దది యెట్లు పోషింపబడుచున్నదో తెలిసికొనుట యుచితము.

వాద్యకారులే యజమానులుగా నుండుట ఒక పద్ధతి. 1842లో ఒటో నికొలాయ్ అను సంగీతకర్త వియన్నా ఆస్థాన నాటకశాలయందలి వాద్యకారులను చేర్చి కచేరీ చేయించెను. అదియే వియన్నా ఫిల్హార్మొనిక్. నేటికిని అందలి సభ్యులు ప్రభుత్వ సంగీత నాటకశాలలో ఉద్యోగులు. కచేరీల వ్యవహారమును మాత్రము తామెన్నుకొన్న సంఘము ద్వారా తామే నడుపుకొందురు. 1933 తరువాత వారికి స్థిరమైన కండక్టరు లేడు. తమకిష్టమైన వారిని ఆహ్వానింతురు. ఈ స్వపరిపాలనము మెచ్చదగినదే కాని, అదే స్వపరిపాలనము 1997 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదని కూడ చెప్పవలసియున్నది.

బెర్లిన్ ఫిల్హార్మొనిక్ పుట్టుక మరింత విచిత్రము. బిల్సే అను యజమాని తన బృందమును వార్సా నగరమునకు రైలులో నాలుగవ తరగతిలో పంపదలచగా, 1882లో 54 మంది అతనిని విడిచి వచ్చి సొంత బృందమును స్థాపించుకొనిరి. నేడును ఆ బృందమువారు తమ ప్రధాన కండక్టరును తామే ఓట్లతో నెన్నుకొందురు.

లండనులో తగవు వేరొక రీతిది. అచ్చటి వాద్యకారులు ఒక కచేరీకి ఒప్పుకొని, అంతకంటె ఎక్కువ సొమ్ము దొరకు చోటు కనబడినచో, తమకు బదులు మరియొకనిని పంపుచుండిరి. పెండ్లి మేళమునకు బయానా పుచ్చుకొని, ముహూర్తము నాటికి తమ్ముని పంపుట మనవారును ఎరుగుదురు. అభ్యాసమునకు వచ్చినవాడొకడు, కచేరీకి వచ్చినవాడు మరియొకడైనచో సంగీతమేమగును? క్వీన్స్ హాలు బృందమున ఈ ఆచారమును నిషేధింపగా, నలుబదిమందికి పైగా వెడలిపోయి 1904లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నెలకొల్పిరి. యజమానిదే న్యాయమని నా యభిప్రాయము. అయినను చాలినంత జీతమీయక నిష్ఠను కోరుట యెంతవరకు సబబో ఆలోచింపదగినదే.

ఆ జీతపు చిక్కును అమెరికాలో ఒక ధనికుడు ముందే గ్రహించెను. హెన్రీ లీ హిగిన్సన్ బ్యాంకు వ్యాపారి. యౌవనమున వియన్నాలో సంగీతము నభ్యసించినవాడు. ఆయన 1881లో బోస్టన్ సింఫనీని స్థాపించి, టిక్కెట్ల రాబడికి మించిన ఖర్చును 1918 వరకు తన సొమ్ముతోనే భరించెను. తరువాత ఆ భారము ధర్మకర్తల సంఘమునకు సంక్రమించినది.

అమెరికా బృందములలో ఇట్టి సంఘములే నేటికిని సాగుచున్నవి. ఆ దేశపు పెద్ద బృందములకు టిక్కెట్ల వలన వచ్చునది సాధారణముగా ఖర్చులో సగమునకు లోపే. మిగిలినది దాతల చందాలు, మూలనిధిపై వచ్చు ఆదాయము. మన దేవాలయములందు మేళగాండ్రకు మాన్యము లుండెడివి గదా. మూలనిధి యనగా అట్టిదే, పొలమునకు బదులు రొక్కము. 1966లో ఫోర్డ్ ఫౌండేషన్ 61 బృందములకు సుమారు 8 కోట్ల డాలర్లు ఇచ్చి ఈ నిధులను పెంపొందించెను. జర్మనీలో నూరింటికి పైగా బృందములను రాష్ట్రములును నగరములును ప్రజాధనముతో పోషించుచున్నవి.

హాలు నిండినను లోటేల? దీనికి 1966లోనే బౌమాల్, బోవెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు కారణము చెప్పిరి. మగ్గము పోయి మిల్లు వచ్చినది; ఒక మనిషి దినమునకు నేయు బట్ట ఎన్నియో రెట్లు పెరిగినది, కూలియు పెరిగినది. కాని బీతోవెన్ వ్రాసిన కృతిని వాయించుటకు ఆనాడెందరు వాద్యకారులు, ఎంత సేపు వలయునో, నేడును అందరును అంత సేపును వలయును. వాయింపువాని జీతము మాత్రము తక్కినవారి జీతములతోపాటు పెరుగక తప్పదు. లేనిచో అతడు వేరు వృత్తికి పోవును. కావున ఏటేటికి లోటు పెరుగుట దుబారా వలననే యని నిందింపరాదు. పిల్లవానికి పాఠము చెప్పుటయు ఇట్టి పనియే యని తలిదండ్రులు గ్రహింతురు గాక.

ఈ లోటు ఎవరి నెత్తిన పడవలెనను వివాదము మినియాపొలిస్ నగరమున ముదిరిపోయినది. మినెసోటా ఆర్కెస్ట్రా పాలకులు జీతములలో నూటికి 30కి మించిన కోత కోరిరి, వాద్యకారులు సమ్మతింపలేదు. 2012 అక్టోబరులో వారిని లోనికి రానీయక తలుపులు మూసివేసిరి. వింత యేమనగా, ఆ కాలముననే సుమారు 5 కోట్ల డాలర్లతో కచేరీ భవనము నూతనముగా తీర్చిదిద్దబడుచుండెను! భవనము సిద్ధమైనది గాని అందు వాయించువారు లేరు. కొందరు ఇతర నగరములకు తరలిపోయిరి. ఉన్నవారు తామే కచేరీ లేర్పాటు చేసికొని ప్రజలకు వినిపించిరి. కండక్టరు ఓస్మో వాన్‌స్కా 2013 అక్టోబరులో రాజీనామా చేసెను. పదునైదు మాసములు దాటినపిమ్మట, 2014 జనవరిలో నూటికి 15 కోతతో రాజీ కుదిరినది. ఆ సంవత్సరమే కండక్టరును తిరిగి పిలిపించుకొనిరి. భవనమునకు దాత లభించుట సులభము, నెలజీతమునకు లభించుట కష్టము. శిలాఫలకముపై పేరు చెక్కించుకొనుటకు జీతపు పట్టీలో చోటుండదు గదా.

మన దేశమున బొంబాయిలో 1935లో మెహ్లీ మెహతా ఒక సింఫనీ బృందమును స్థాపించెను. ఆయన కుమారుడు జుబిన్ మెహతా 1978 నుండి 1991 వరకు న్యూయార్క్ ఫిల్హార్మొనిక్‌కు సంగీత దర్శకుడుగా నుండెను. 2006లో అదే నగరమున సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏర్పడినది. అందు పలువురు వాద్యకారులు విదేశములనుండి వచ్చినవారే.

ఇట్టి బృందములలో ఉద్యోగ మెట్లు లభించును? ఖాళీ ఏర్పడినపుడు ప్రకటన చేయుదురు. ఒక్క స్థానమునకు పలువురు వచ్చి వాయింతురు. అమెరికాలో పెక్కు బృందములు అభ్యర్థికిని పరీక్షకులకును నడుమ తెర కట్టుదురు. పేరు చెప్పరు, సంఖ్య మాత్రమే. నడక చప్పుడును బట్టి స్త్రీయో పురుషుడో తెలియకుండ నేలపై తివాచీ పరచుటయు కలదు. ఎన్నికైన పిమ్మట కొంతకాలము పరిశీలనలో నుండవలెను. బెర్లిన్‌లో ఆ గడువు ముగిసినంతనే తోటి వాద్యకారులు ఓటు వేయుదురు. వారంగీకరించిననే స్థానము స్థిరమగును.