గురజాల పిన్‌కోడ్‌లో దాగిన 641

ఉత్తరం మీద ఊరి పేరు పక్కన రాసే పిన్‌కోడ్ మీకు తెలిసిందే. మన దేశంలో అది 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. పల్నాడులో నరసరావుపేటది 522601, మాచర్లది 522426, గురజాలది 522415. వీటిని కాసేపు వట్టి సంఖ్యలుగా తీసుకుని కారణాంకాలు వెతుకుదాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మాచర్లతో చిక్కు లేదు. అది సరి సంఖ్య. అంకెల మొత్తం 21 కాబట్టి 3 కూడా భాగిస్తుంది. నరసరావుపేటది మాత్రం మొండి సంఖ్య. దాని వర్గమూలం 722 కంటె కొంచెం ఎక్కువ. అందుచేత 2 మొదలు 719 దాకా ఉన్న 128 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఒక్కటీ నిశ్శేషంగా భాగించదు. అంటే అది ప్రధాన సంఖ్యే!

ఇక గురజాల. చివర 5 ఉంది గనుక 5తో భాగిస్తే 104483 వస్తుంది. తరువాత 7, 11, 13 అంటూ ఓపికగా పోతే 163 దగ్గర శేషం సున్న అవుతుంది. భాగఫలం 641. ఇది ప్రధాన సంఖ్యా కాదా అని మళ్ళీ మొదటి నుంచి భాగించనక్కర లేదు. దీన్ని 25 లోపు ప్రధాన సంఖ్య ఏదైనా భాగించేటట్లయితే, అది 104483ను కూడా భాగించి మనకు ముందే దొరికి ఉండేది. కాబట్టి

522415 = 5 × 163 × 641

ఈ 641 గణితంలో పేరు మోసిన సంఖ్య. 2¹+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1 విలువలు కట్టండి: 3, 5, 17, 257, 65,537. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఘాతాంకాన్ని ఇలా రెట్టింపు చేస్తూ ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. నిరూపణ మాత్రం ఆయనకు చిక్కలేదు. తరువాతి సంఖ్య 2³²+1, అంటే 429,49,67,297. ఫెర్మా చనిపోయిన 67 ఏళ్ళకు, 1732లో, ఆయిలర్ దీన్ని విడగొట్టాడు:

641 × 67,00,417

అంత మహానుభావుడి నమ్మకం ఈ మూడంకెల సంఖ్యతో కూలిపోయింది! ఈ పెద్ద సంఖ్యకు ఉండే ప్రధాన కారణాంకాలను 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలరే తరువాత నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, అయిదవది 641.

భాగహారం చేయకుండానే దీన్ని సరిచూడవచ్చు. 640 = 5 × 2⁷. 640⁴ − 1ని 640 + 1 నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే 5⁴ × 2²⁸ − 1ని 641 భాగిస్తుంది. మరోవైపు 641 = 625 + 16 = 5⁴ + 2⁴. దీన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³². దీన్నీ 641 భాగిస్తుంది. రెండవ దానిలోనుంచి మొదటిది తీసివేయండి. మిగిలేది 2³² + 1!

ఫెర్మా వరుసలో ఆ అయిదూ తప్ప మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.