పాత లౌడుస్పీకరుల వంశావళి

వస్తువులకును వంశావళి కలదు. 1926వ సంవత్సరమున అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారు టాకీలకై 555 అను యంత్రమును సిద్ధపఱచిరి. దానికి పెద్ద బాకా తగిలించి సినిమాశాలలలో నిలుపుచుండిరి. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడెను. అట్టి లౌడుస్పీకరులు నేడు మిక్కిలి అరుదు. సంగీతప్రియులు గొప్ప వెల యిచ్చి కొనుచున్నారు.

వాని పూర్వయజమానుల నెఱుంగుట యెట్లు? మొదట యంత్రముపైనున్న సంఖ్యను చదువవలెను. పిమ్మట రసీదులను, ఛాయాపటములను, వృద్ధుల మాటలను పోల్చిచూడవలెను. ఒక సాక్ష్యమును వేఱొకటి బలపఱచినప్పుడే నమ్మదగును. చెడిన భాగమును మార్పవచ్చును గాని, గీకివేసిన సంఖ్య మరల రాదు.

కావున నిజాము కాలపు దక్కను రేడియో విన్న పాత పెట్టె మీ యింట నున్నచో, రంగు వేయకముందే దాని సంఖ్యను, కొన్నవారి పేరును వ్రాసి యుంచుడు.