ఫలితానికే ప్రతిఫలం

ప్రభుత్వం ఒక నిర్మాణాన్ని కాంట్రాక్టుకిచ్చినప్పుడు దేనికి మూల్యం చెల్లించాలి? వాడిన సిమెంటుకా, ఒనగూడిన ప్రయోజనానికా? పూర్వపు పద్ధతిలో జరిగిన పనిని కొలిచి, మెజర్‌మెంటు బుక్కులో నమోదు చేసి బిల్లు చెల్లిస్తారు. కట్టడం అనంతరం సరిగా పనిచేయకున్నా కాంట్రాక్టరుకు కలిగే నష్టం స్వల్పం.

ఈ లోపాన్ని సవరించడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం గంగాతీరపు మురుగునీటి శుద్ధి కేంద్రాలకు 'హైబ్రిడ్ యాన్యుటీ' విధానాన్ని ఆమోదించింది. మూలధన వ్యయంలో 40 శాతం నిర్మాణ కాలంలోనూ, తక్కిన 60 శాతం 15 ఏళ్ల నిర్వహణ కాలంలో వాయిదాలుగానూ చెల్లిస్తారు. శుద్ధమైన నీరు నిర్ణీత ప్రమాణాలకు తగకపోతే చెల్లింపులో కోత పడుతుంది. ఈ విధానంలో మొదట పూర్తయినది హరిద్వార్‌లోని జగ్‌జీత్‌పూర్ కేంద్రం. 2020లో ప్రారంభమైన దాని సామర్థ్యం రోజుకు 6.8 కోట్ల లీటర్లు.

అయితే కొలత సత్యమైనప్పుడే ఈ పద్ధతి ఫలిస్తుంది. పరీక్షకుడు కాంట్రాక్టరుకు లోబడినవాడైతే ప్రయోజనం శూన్యం. ప్రమాణం మితిమీరి కఠినమైతే, ఆ భయానికి వెల టెండరు ధరలోనే చేరుతుంది. కనుక ప్రమాణం సాధ్యమైనదిగా, పరీక్షకుడు స్వతంత్రుడుగా, ఫలితాలు ప్రజలకు తెలిసేవిగా ఉండాలి.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లు, ఆడిటర్లు కాగలరు. బిల్లుపై సంతకం చేసేముందు ఆ నీటిని పరీక్షింపజేయడం మీ ధర్మం.